రెండు వారాల సేవ

విదేశానికి వెళ్లి పిల్లలకు సేవ చేస్తే విశ్వాసం బలపడుతుందని క్రైస్తవ సంఘాలు చెబుతుంటాయి. బలపడవచ్చు, అందుకు ఎన్నాళ్లు పడుతుందన్నదే ప్రశ్న. శ్రీకాకుళం చరిత్రలో ఒక జవాబుంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చారు, బడి పెట్టారు, ఆనందరాయరు అనే వ్యక్తి సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలోనే, నాటి చికాకోల్‌లో, కన్నుమూశాడు. మరుసటి ఏడాది డి గ్రాంజెస్ పోయాడు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు.

ఆ బడి మతమార్పిడికి ఎర కాదా అని అడగవచ్చు. మతబోధ వారి ఉద్దేశమే, దాన్ని దాచలేదు కూడా. కాని అక్షరం ఒకసారి పిల్లవాడి చేతికొచ్చాక ఎవరి అదుపులోనూ ఉండదు. అందరూ అలా ఏళ్లకేళ్లు ఉండలేరు, రెండు వారాలైనా నయమే కదా అనేవారున్నారు. బావి తవ్వడానికైతే నయమే. పసివాళ్ల విషయంలో కాదు. ఇంటికి దూరమైన బిడ్డకు, చేరదీసిన మనిషి పదోరోజున వెళ్లిపోవడం మరో ఎడబాటు. విదేశీ బృందాలను పిల్లల వసతి గృహాలకు పిలిచే పెద్దలారా, ఆ గృహం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదైందో లేదో ముందు చూసుకోండి.