మచ్చ లేనివారికే న్యాయమా?

 

న్యాయ సహాయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను చట్టం చదివినవాణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు రాసి విశ్రాంతి పొందినవాణ్ణి. అందుచేత శాస్త్ర చర్చకు పోకుండా, ఈ మధ్య మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో నేను చూసిన ఒక టెలివిజన్ నాటకంతో మొదలుపెడతాను. అది నా చేత నా తప్పు ఒకటి ఒప్పించింది. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

దాని పేరు ‘ద నైట్ ఆఫ్’. అమెరికాలో హెచ్‌.బి.ఓ. సంస్థ 2016లో ఎనిమిది భాగాలుగా ప్రసారం చేసింది. రిచర్డ్ ప్రైస్, స్టీవెన్ జైలియన్ దాన్ని రూపొందించారు. అందులోని కొన్ని దృశ్యాలు కుటుంబంతో కలిసి చూడదగినవి కావని ముందుగానే మనవి చేస్తున్నాను.

కథానాయకుడు నాసిర్ ఖాన్. ఇంట్లోవాళ్లు నాజ్ అని పిలుస్తారు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఉండే పాకిస్తానీ మూలాల కుటుంబం. తండ్రి సలీం మరో ఇద్దరితో కలిసి కొనుక్కున్న టాక్సీ నడుపుతాడు. కళాశాలలో చదువుతున్న కుమారుడు ఒక రాత్రి తండ్రికి చెప్పకుండా ఆ టాక్సీ తీసుకుని విందుకు బయలుదేరుతాడు. దారిలో ఒక యువతి బండి ఎక్కుతుంది. ఇద్దరూ మత్తుమందులు తీసుకుని ఆమె ఇంటికి చేరుతారు. అర్ధరాత్రి అతనికి మెలకువ వచ్చేసరికి ఆమె కత్తిపోట్లతో చనిపోయి ఉంటుంది. అతడు భయంతో పారిపోతాడు. పోలీసులకు చిక్కినప్పుడు కత్తి అతని జేబులోనే ఉంటుంది.

ఇక్కడి వరకు విన్నవారు, ‘పాపం, అమాయకుడైన మన పిల్లవాణ్ణి ఇరికించారు’ అని కథను ఊహించుకుంటారు. నేనూ అలాగే ఊహించుకున్నాను. కాని రచయితలు మనకు ఆ సౌఖ్యం ఇవ్వలేదు. విచారణ సాగేకొద్దీ నాజ్ జీవితంలోని మచ్చలు ఒక్కొక్కటే బయటపడతాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత బడిలో వేధింపులకు గురైన ఆ పిల్లవాడు, తోటి విద్యార్థిని మెట్ల మీద నుంచి తోసివేసిన సంగతి తెలుస్తుంది. కళాశాలలో మందుబిళ్లలు అమ్మిన సంగతి తెలుస్తుంది. బెయిలు రాక రైకర్స్ ద్వీపంలోని జైలులో గడిపే కాలంలో అతడు తల గొరిగించుకుంటాడు, చేతులపై పచ్చబొట్లు పొడిపించుకుంటాడు, మత్తుకు బానిస అవుతాడు, తోటి ఖైదీ హత్యకు సైతం సహకరిస్తాడు. చేశాడో లేదో తెలియని నేరానికి లోపలికి వెళ్లిన కుర్రవాడు నిజంగానే నేరాలు నేర్చుకుంటాడు. కన్నతల్లి కూడా ఒక దశలో అతణ్ణి అనుమానిస్తుంది.

ఇంతటి మచ్చలున్న వ్యక్తికి అండగా నిలిచేది ఎవరు? జాన్ స్టోన్ అనే వకీలు. పేరుప్రతిష్ఠలు ఉన్నవాడు కాడు. ఠాణాల చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న కేసులు పట్టుకుని బతుకుతాడు. పాదాలకు చర్మవ్యాధి ఉండడంచేత కోర్టుకు కూడా చెప్పులతోనే వస్తాడు. ఠాణాలో నాజ్‌ను చూసిన వెంటనే అతడు చెప్పేది ఒక్కటే: నోరు తెరవకు. ఏమి జరిగిందో తనకు కూడా చెప్పవద్దంటాడు. మొదట నాకు అది మోసగాడి సలహాగా తోచింది. ఆలోచించగా తెలిసింది, మన రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఇచ్చిన హక్కు కూడా అదే కదా! తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిందిగా ఏ నిందితుణ్ణీ నిర్బంధించరాదు. ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించే హక్కు, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవలసిన నియమం 22వ అధికరణంలో ఉన్నాయి. అందులో ఎక్కడా ‘నడవడి మంచిదైతే’ అనే షరతు లేదు.

ఈ కథకు మూలం 2008లో బి.బి.సి. ప్రసారం చేసిన ‘క్రిమినల్ జస్టిస్’. దాన్ని రాసినవాడు పీటర్ మొఫాట్. 2019లో అదే పేరుతో హిందీలోనూ వచ్చింది. పంకజ్ త్రిపాఠీ వకీలు పాత్ర ధరించారు. బ్రిటన్ కథలో నిందితుడు తెల్లవాడు, హిందీ కథలో ఆదిత్య శర్మ. అమెరికా కథలో మాత్రమే అతడు ఖాన్. ముగ్గురిదీ దాదాపు ఒకటే రాత్రి, ఒకటే కేసు. కాని పేరు ఖాన్ అయినప్పుడు అతని వెనుక ఒక సమాజమంతా బోనెక్కుతుంది. సాక్ష్యంగా పట్టుకున్న టాక్సీ తిరిగి రాక తండ్రి భాగస్వాములు ఉపాధి కోల్పోతారు. తండ్రి ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించే పనికి దిగుతాడు. అటువంటి వేళ సమాజానికి సహజంగా కలిగే కోరిక ఏమిటి? ‘మావాడు చాలా మంచివాడు’ అని లోకానికి చాటడం. మంచివాడు కాదని తేలితే మెల్లగా చేయి వదిలివేయడం.

చివరకు పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఆరుగురు అటు, ఆరుగురు ఇటుగా చీలిపోతారు. ప్రాసిక్యూటరు మళ్లీ విచారణ కోరదు. నాజ్ ఇంటికి వస్తాడు. నిర్దోషి అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో సర్వీసు రిజిస్టర్లు రాశాను. ఒక ఉద్యోగి మీద కొత్త అభియోగం వస్తే, దాన్ని ఆ అభియోగానికి సంబంధించిన సాక్ష్యంతోనే రుజువు చేయాలి. పాత శిక్షను చూపించి కొత్త తప్పు రుజువైందని రాయకూడదు. నేర విచారణలోనూ అంతే. 1872 నాటి సాక్ష్య చట్టం 54వ సెక్షను ప్రకారం నిందితుడి చెడు నడవడి అసలు ప్రసక్తమే కాదు. అతని తరఫువారు మంచి నడవడిని సాక్ష్యంగా తెచ్చినప్పుడే ఎదుటివారికి ఆ తలుపు తెరుచుకుంటుంది. 2023లో వచ్చిన కొత్త చట్టం కూడా ఈ సూత్రాన్ని నిలిపింది. అంటే మంచితనం మీద మనం కట్టుకునే వాదం మనకే ఎదురు తిరగగలదు. ఇన్ని ఫైళ్లు రాసిన నాకు ఈ సంగతి తెలియాలి. తెలిసీ పాటించలేదు.

కొన్నేళ్ల క్రితం మా కమిటీ వద్దకు ఒక తల్లి వచ్చింది. రాత్రి జరిగిన కొట్లాట కేసులో కొడుకును పట్టుకున్నారు, వకీలును పెట్టించండి బాబూ అని వేడుకుంది. ‘పాత కేసులేమైనా ఉన్నాయా అమ్మా?’ అని అడిగింది నేనే. ఆమె అబద్ధం చెప్పలేదు. అంతకు ముందు మోటారు సైకిలు దొంగతనం కేసు ఒకటి ఉందన్నది. అటువంటివాడికి సాయం చేస్తే కమిటీకి చెడ్డపేరు వస్తుందని పెద్దలు అన్నారు. ‘సహాయము చేయుటకు వీలులేదు’ అని మినిట్స్ పుస్తకంలో రాసిన చేతిరాత నాది. బెయిలు దరఖాస్తు వేసేవారు లేక ఆ కుర్రవాడు ఏడు నెలలు జైలులో ఉన్నాడు. కొట్లాటలో అతని చేయి ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకుండానే అతనికి ఏడు నెలలు శిక్ష వేసినవారిలో నేనూ ఒకణ్ణి.

అతడు మంచివాడని నేను వాదించడం లేదు. తప్పు చేసినవాణ్ణి కాపాడమనీ అనడం లేదు. నేరం రుజువైతే శిక్ష పడవలసిందే. బాధితుల కన్నీళ్లకూ విలువ ఉంది. అయితే రుజువు చేయవలసింది న్యాయస్థానంలో, వకీలు ఎదుట. మన కమిటీ గదిలో కాదు.

కాబట్టి ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. మొదటిది: మన సహాయ దరఖాస్తులో ‘నడవడి, పాత కేసుల వివరము’ అనే గడి ఉంది. సాయం చేయాలా వద్దా అని తేల్చడానికి దాన్ని వాడుతున్నాం. దాన్ని తొలగించాలి. పాత కేసులు ఉంటే వకీలుకు చెప్పుకుంటారు, అది వారిద్దరి మధ్య విషయం. రెండవది: కస్టడీలో ఉన్న ఏ వ్యక్తికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఇచ్చింది. ఆ సంస్థ టెలిఫోను నంబరు 15100. ఈ నంబరును ప్రతి మసీదు ద్వారం వద్ద, ప్రతి మొహల్లాలో రాయించాలి.

ఆ తల్లి ఇప్పటికీ మా వీధి దారినే వెళుతుంది. సలాం చేస్తుంది, నేను బదులు చెబుతాను. కమిటీ ఆ గడిని కొట్టివేసిన రోజున ఆమె ఇంటికి వెళ్లి ఆ కాగితం చూపించాలని ఉంది. ఆ అవకాశం నాకు మీరే ఇవ్వాలి.

సెలవు. ఖుదా హాఫిజ్.