దోమ గుట్టు విప్పిన సికింద్రాబాదు

 

శాస్త్రజ్ఞులనగా దూరదేశములలోని గొప్ప ప్రయోగశాలలలోనే యుందురని పలువురి తలంపు. కాని మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునను సత్యము మొదట కంటబడినది తెలుగునేలమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో అది జరిగినది. వీపనగండ్లనుండి ఒక్క పూట ప్రయాణములో చేరదగిన చోటు.

చలిజ్వరము పల్లెలకు క్రొత్తది కాదు. నాట్లవేళ మంచము పట్టిన రైతు ఆ యేటి పంటనే కోల్పోయెడివాడు. చెడుగాలి సోకుటచే ఈ జ్వరము వచ్చునని పూర్వులు నమ్మిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమును అదియే. 1880లో అల్జీరియాయందు లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తములో క్రిమిని చూచెను. ఆ క్రిమి దేహము వెలుపల ఎచ్చట బ్రతుకును? దోమలో బ్రతుకునేమోయని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. ఊహ వేరు, రుజువు వేరు.

రుజువు వెదకు భారమును తలకెత్తుకొనినవాడు రొనాల్డ్ రాస్. ఆయన 1857లో అల్మోరాలో జన్మించి, సైనిక వైద్యుడై సికింద్రాబాదు చేరెను. రెండేండ్లు దోమలను కోసి కోసి చూచెను, ఏమియు దొరకలేదు. తాను కోయుచున్నవి మలేరియాను మోయని జాతులని ఆయనకు తెలియదు. గాలికి దోమలెగిరిపోవునని పంకా ఆపించి, ఉక్కలో చెమటోడ్చి పనిచేసెను. ఆ చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి.

తుదకు రెక్కలపై మచ్చలుగల దోమలు చేజిక్కెను. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి దోమతెరలో పండుకొని వానిచే కుట్టించుకొనెను. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున, పదింటికి పది అణాలు అతనికి ముట్టెను. నాలుగవనాటికి ఆ దోమలలో ఏ కొన్నియో మిగిలెను. రాస్ ఒకదానిని కోసి చూడగా, కడుపుగోడలో గుండ్రని కణములును, వానిలో మలేరియా క్రిమియందు కనబడు నల్లని రేణువులును అగుపడెను. మరునాడు మరియొక దోమలో అవి ఇంకను పెద్దవై యుండెను. క్రిమి దోమలో పెరుగుచున్నదని తేటపడినది.

పిదప 1898లో కలకత్తాయందు పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజలగ్రంథులను చేరి కాటుద్వారా వ్యాపించునని ఆయన నిరూపించెను. అదే యేట ఇటలీలో గ్రాసీ మొదలగువారు మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోయునని చూపిరి. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు లభించినది. కీర్తి యెవరిదని రాస్, గ్రాసీలు చిరకాలము కలహించిరి. రక్తమిచ్చిన హుసేన్ ఖాన్‌కు దక్కినది పది అణాలే. ఈ కథ చెప్పునపుడెల్ల అతని పేరును చెప్పుట న్యాయము.

విజ్ఞానము ఒక్కరితో ముగియదు. దోమవలననే వచ్చు బోదకాలునకు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలో 1947లో మందు వెలువడెను. నేటికిని గ్రామములలో పంచు డి.ఇ.సి. మాత్రలు అవియే. చైనాలో తూ యూయూ అను విదుషి, సుమారు పదునారు వందల యేండ్లనాటి వైద్యగ్రంథమును చదివి, మూలికను నీట నానబెట్టుమను సూచనను పట్టుకొని మలేరియాకు గొప్ప యౌషధమును సాధించెను. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. బీరువాలో పడియున్న పాతపుస్తకము లక్షల ప్రాణములను కాచినది.

సోదర సోదరీమణులారా! దోమగ్రుడ్డు రెక్కల దోమ యగుటకు సుమారు వారము పదిదినములు పట్టును. కావున వారమునకొకమారు తొట్లను, కుండలను కడిగి ఆరబెట్టినచో, ఇంటి చుట్టు నీరు నిలువనీయనిచో, ఎన్నో దోమలు పుట్టకమునుపే నశించును. దీనికి సూక్ష్మదర్శిని యక్కరలేదు. రాస్ రెండేండ్లు చెమటోడ్చి తెలిసికొనినది గ్రంథాలయమున చదువరికి ఒక్క గడియలో తెలియును. తెలిసినదానిని తన వాకిట ఆచరించుటయే చదువరి చెల్లింపవలసిన ఋణము.