గల్లీ రోడ్డుకు లెక్క అడుగుదాం
(కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, విద్యార్థి తమ్ముళ్లారా, ఉద్యోగ మిత్రులారా!

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినోళ్లం మనం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి మన ఇంటి ముందటి గుంత ఎందుకు పూడలేదు? మోరీ మీద బండ ఎందుకు పడలేదు? అడిగితే ఒక్కటే జవాబు: ‘ఫండ్స్ లేవు, చూస్తం.’

610 జీవో యాది చేసుకోండ్రి. 1985 డిసెంబర్ 30న ఇచ్చిన్రు. 1986 మార్చి 31 లోపల అమలు చెయ్యాలని అందులనే రాసి ఉన్నది. అయిందా? గడువు దాటినంక 15 ఏండ్లకు, 2001ల, గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. కాగితం మీద గడువు ఉంటే చాలదు, లెక్క అడిగేటోళ్లు ఉండాలె.

గల్లీ రోడ్డు కథా అంతే. నోటి ఫిర్యాదు గాలికి పోతది. రాసియ్యాలె. గుంత ఏ కరెంటు స్తంభం దగ్గర, ఎంత లోతు, ఎప్పటి సంది ఉన్నదో రాయాలె. ఇండ్లోళ్లంత సంతకాలు పెట్టాలె. రసీదు తీసుకోవాలె.

అయినా కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. 30 రోజులల్ల జవాబియ్యాలె. మూడు కాగితాలు అడుగుండ్రి: ఎస్టిమేటు, ఎం.బుక్, కాంట్రాక్టు ఒప్పందం. ఎంత మందం వెయ్యాల్నో ఎస్టిమేటు చెప్తది. ఎంత వేసినట్టు కొలిచి బిల్లు చేసిన్రో ఎం.బుక్ చెప్తది. ఒప్పందంల డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఉంటే చూడుండ్రి. నాసిరకం పనితోని ఆ గడువు లోపల రోడ్డు చెడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చెయ్యాలె. అప్పుడు ‘ఫండ్స్ లేవు’ అన్న మాట చెల్లదు! పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామాన్ల నమూనా తీసుకునే హక్కు గూడ ఆ చట్టమే ఇచ్చింది.

2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమన్నది: యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు. మన వార్డుల అవి ఎన్నడు కూసున్నయి? అదీ అడుగుదాం.

తమ్ముళ్లారా, టేపు పట్టుకొని రోడ్డు కొలువుండ్రి. ఉద్యోగ మిత్రులారా, దరఖాస్తు రాసుడు మీకంటే బాగ ఎవరికెరుక? ఈ సభల మున్సిపల్ ఉద్యోగులు గూడ ఉన్నరు. మీ మీద కోపం లేదు. మీ మీద ఎంత పని భారమో మాకెరుకే. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో చెప్పుండ్రి, మిగతాది మేం అడుగుతం.

రాష్ట్రం అడిగి తెచ్చుకున్నోళ్లం. గల్లీ రోడ్డు అడుగనీకె మొహమాటమెందుకు?

జై తెలంగాణ!