నొప్పి తగ్గుట వేఱు, నయమగుట వేఱు



నేడు పట్టములు గైకొని ఫిజియోథెరపీ వృత్తిలో నడుగిడుచున్న మీకు నా హృదయపూర్వకాభినందనములు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు భుజబలముపై బ్రదుకు సీమలు. మోకు ముస్తాదులతో తాడెక్కు గీతకార్మికుడును, పెంబర్తిలో ఇత్తడి రేకుపై దినమెల్ల సుత్తి యాడించు శిల్పియు, మిర్చి బస్తాల నెత్తు హమాలియు, సింగరేణి గనిలో తలపైకి చేతులెత్తి కప్పునకు బోల్టులు బిగించు కార్మికుడును, భుజము చెడినచో కూటికే దూరమగుదురు.

భుజకీలును చుట్టి కాపాడు నాలుగు కండరముల స్నాయుబంధములలో తఱచుగా తెగునది పైనుండు సుప్రాస్పైనేటసుది. శస్త్రవైద్యుడు దానిని ఎముకకు చేర్చి కుట్టగలడు గాని, ఆ కుట్టు అతుకై బలపడుటకు సుమారు 12 వారములు పట్టును. కావుననే తొలి 4 నుండి 6 వారములు చేయి పట్టీలో నుండవలెను. వైద్యుడు అనుమతించిన పిమ్మట రోగి ముందునకు వంగి, బాగున్న చేతితో బల్లను పట్టుకొని, రెండవ చేతిని బావిలోనికి విడిచిన చేదవలె వ్రేలాడనిచ్చి, కండరము బిగింపక మెల్లగా నూగింపవలెను. తరువాత తనంత తానెత్తుట, 12 వారములు గడచిన పిదపనే బరువులతో బలము పెంచుట. కష్టపు పనికి మరలుటకు 6 నెలలో, అంతకు మించియో కావలెను.

అయితే అతుకు బలపడకమున్నే నొప్పి తగ్గును. ప్రమాదమంతయు నచ్చటనే యున్నది. నెల తిరుగకుండగనే "నొప్పి తగ్గింది సారూ, ఇగ చెట్టెక్కొచ్చునా?" యని గీతకార్మికుడడిగినపుడు, అతని యింటి యక్కఱ నెఱిగియు, తొందరపడినచో కుట్టు తెగునని నచ్చజెప్పి యాపవలెను, మూడు నెలలైనను చేయి కదల్ప వెఱచువానిని, కీలు బిగిసిపోకుండ, ధైర్యము చెప్పి కదలింపవలెను. ఎప్పుడాపవలెనో, ఎప్పుడు కదలింపవలెనో యెఱుగుటయే మీ విద్యకు సారము.

2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2021 నాటి జాతీయ చట్టము మీ వృత్తిని గుర్తించినది. అయినను, దూరపు తండానుండి కూలి మానుకొని వారమునకు మూడుమార్లు బస్సెక్కి వచ్చుట పేదలకు దుస్సాధ్యము. కావున ప్రతి వ్యాయామమును రోగిచేతనే చేయించి చూడుడు, ఇంటివారికిని నేర్పుడు, ఫోనులోనైనను విచారింపుడు. మీలో కొందఱైనను నగరముల కేగక ఈ మూడు జిల్లాలలోనే నిలిచి, ఈ శ్రమజీవుల భుజములకు మరల బలము చేకూర్పుడని మనసార వేడుచున్నాను. మీకు శుభమగుగాక!