పే స్లిప్పులో కనిపించని గంటలు

(ధర్మపురిలో జరిగిన తెలుగు యువజన కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

కొన్ని వారాల క్రితం మేము ఈ జిల్లాలో ఒక చిన్న సంఘానికి ఆరాధనకు వెళ్ళాం. వాక్యం చెబుతుండగా వెనక వరుసలో ఒక చెల్లి గోడకు ఆనుకొని నిద్రపోయింది. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన ఆమెను అందరి ముందూ మందలించారు. "రాత్రంతా ఫోన్లు చూస్తారు, దేవుని సన్నిధికి వస్తే నిద్ర ముంచుకొస్తుంది" అన్నారు. ఆ చెల్లి తల వంచుకొని నిలబడింది. తర్వాత మాలో ఒకరిని పక్కకు పిలిచి అడిగింది: "అక్కా, నేను నిజంగా సోమరిదాన్నా?"

ఈ రోజు మేము ఇక్కడ నిలబడింది ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

ముందు ఆ చెల్లి రోజు ఎలా గడుస్తుందో లెక్కపెడదాం. వాళ్ళది పాలక్కోడు దగ్గర పల్లె. ఉదయం షిఫ్టు ఆరింటికి. కంపెనీ బస్సు నాలుగుంబావుకు వస్తుంది, రాయకోట మీదుగా హోసూరు వైపు వెళ్తుంది. మూడున్నరకు లేస్తేనే ఆ బస్సు అందుతుంది. షిఫ్టు రెండున్నరకు అయిపోవాలి. టార్గెట్ పూర్తి కాకపోతే ఇంకో గంట, గంటన్నర. ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరు. అప్పుడు నీళ్ళు, వంట, తమ్ముడి చదువు. ఆమె గడప దాటి మళ్ళీ గడప లోపలికి వచ్చేసరికి దాదాపు 14 గంటలు. పే స్లిప్పులో ఉన్నవి 8 గంటలు. మేము చూసిన ఆదివారానికి ముందు రోజు ఆమెది రెండో షిఫ్టు. ఇల్లు చేరింది రాత్రి ఒంటిగంటకు. ఐదింటికి లేచి, వంట చేసి, తలస్నానం చేసి ఆరాధనకు వచ్చింది. నిద్రపోయిన ఆ అరగంటే ఆమెకు ఆ వారంలో దొరికిన విశ్రాంతి.

మన కాలంలో పనివాళ్ళు ఎందుకింత అలసిపోతున్నారు, ఇంత చేసినా చేతిలో డబ్బు ఎందుకు నిలవడం లేదు అని చాలామంది అడుగుతారు. మేము చెప్పదలచుకున్న మాట ఒక్కటే. పనివాడి రోజు పొడుగవుతోంది, కానీ ఆ పొడుగు పే స్లిప్పులో ఎక్కడం లేదు. ఎక్కని గంటకు కూలి రాదు. కూలి రాని గంటను ఎవరూ పని అని ఒప్పుకోరు. అందుకే అలసిపోయినవాడు సోమరిలా కనిపిస్తాడు.

ధర్మపురి వాళ్ళకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేవరకు హోసూరు కూడా మన జిల్లాలోనే ఉండేది. ఫ్యాక్టరీలు అటు పోయాయి, వానను నమ్ముకున్న మెట్టభూములు ఇటు మిగిలాయి. కాబట్టి ఇక్కడి మనుషులు పని వెతుక్కుంటూ బెంగళూరు కట్టడాలకు, తిరుప్పూరు బనియన్ కంపెనీలకు, కోయంబత్తూరు మిల్లులకు వెళ్ళారు. పని మన దగ్గరికి రానప్పుడు దాని దగ్గరికి వెళ్ళే దారి అంతా పనివాడి ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడి పెద్దవాళ్ళకు సుమంగళి పథకం గుర్తుండే ఉంటుంది. పేదింటి ఆడపిల్లలను మూడేళ్ళ ఒప్పందం మీద నూలు మిల్లులకు తీసుకెళ్ళేవారు. హాస్టల్లో ఉంచేవారు. నెలనెలా కొద్దిగా ఇచ్చి, మూడేళ్ళు పూర్తయ్యాక పెళ్ళి ఖర్చుకు పనికొస్తుందని ఒక మొత్తం ఇస్తామనేవారు. ఆ మొత్తం బహుమతేమీ కాదు, ఆ పిల్లలు అప్పటికే సంపాదించుకున్న కూలిలో ఆపి ఉంచిన భాగం. ఆరోగ్యం చెడి మధ్యలో ఇంటికి వచ్చేసిన పిల్లలు ఎంతోమంది దాన్ని పోగొట్టుకున్నారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం బీదవాడి కూలిని ఆ రోజు పొద్దు గూకకముందే ఇచ్చెయ్యమంటుంది. ఒక్క రాత్రి ఆపడమే తప్పయితే, మూడేళ్ళు ఆపడాన్ని ఏమనాలి?

ఇది పాత కథ అనుకోకండి. కూలి ఆగిపోయే దారులు మారాయి, అంతే. వాటిలో మూడు చెబుతాం.

మొదటిది, కనీస కూలి కదలకుండా ఉండిపోవడం. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ప్రకటించే కనీస స్థాయి కూలి 2017లో రోజుకు 176 రూపాయలు. 2019లో అది 178 అయింది. రెండేళ్ళకు రెండు రూపాయలు. అదే 2019లో ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే రోజుకు 375 రూపాయలు ఉండాలని చెప్పింది. అప్పటి కనీస వేతనాల చట్టం ప్రకారం ప్రతి పనికీ వేతనాన్ని ఐదేళ్ళకు మించకుండా సవరించాల్సి ఉండేది. తమిళనాడులో కుట్టుపని వాళ్ళకు 2004 తర్వాత సవరణ వచ్చింది 2014లో. దాని మీద కూడా యజమానులు కోర్టుకు వెళ్ళారు. 2016లో మద్రాసు హైకోర్టు ఆ పెంపును నిలబెట్టింది. ఈ పన్నెండేళ్ళలో బియ్యం ధర, బస్సు టిక్కెట్టు, ఇంటి అద్దె కోర్టు తీర్పు కోసం ఆగలేదు కదా.

రెండోది, కాంట్రాక్టు. ఒకే లైనులో, ఒకే మిషను మీద, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు కాంట్రాక్టరు మనిషి. 2022-23 నాటికి మన దేశ ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా కాంట్రాక్టు వాళ్ళే. జీతం పెంచమని అడగడానికి వెళ్తే కంపెనీ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు కంపెనీని చూపిస్తాడు. అడిగినవాడికి వచ్చే నెల పని ఉండదు.

మూడోది, టార్గెట్. నిర్గమకాండం 5వ అధ్యాయం గుర్తు చేసుకోండి. ఫరో ఇటుకల లెక్క తగ్గించలేదు, గడ్డి ఇవ్వడం మాత్రం మానేశాడు. గడ్డి ఏరుకొనే గంటలు ఏ లెక్కలోనూ లేవు. పైగా జనులు సోమరులు కాబట్టే సెలవు అడుగుతున్నారని అన్నాడు. ఈనాడు లైనులో పదిమంది చేసే పని ఎనిమిదిమందితో చేయించినా అదే జరుగుతుంది. గడియారం ఎనిమిది గంటలే చూపిస్తుంది, ఒళ్ళు పది గంటల పని చేసి ఉంటుంది. ఇది ఫ్యాక్టరీకే పరిమితం కాదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు రాత్రి పదింటికి వచ్చే ఆఫీసు ఫోను, సామాను ఇంటింటికీ తెచ్చే కుర్రాడు ఆర్డరు కోసం బండి మీద కూర్చొని ఎదురుచూసే గంట, ఇవన్నీ ఏరుకొనే గడ్డే.

మరి లాభాలు రావడం లేదా? 2024-25 ఆర్థిక సర్వేలో ప్రభుత్వమే చెప్పింది. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయి, వాటిలో ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే. లాభాల వాటా పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరితే జీతాలు వెనకబడ్డాయని ఆ సర్వేయే ఒప్పుకుంది. సంపద పుట్టింది. పుట్టించినవాళ్ళ ఇంటికి మాత్రం రాలేదు.

ఇక్కడ మీలో కొందరి మనసులో ఒక మాట ఉంటుంది. "పని దొరకడమే గొప్ప, ఆ ఫ్యాక్టరీ లేకపోతే ఆ పిల్లకు పదిహేడేళ్ళకే పెళ్ళి చేసేవారు." ఈ మాటలో నిజం ఉంది, మేము కొట్టిపారేయం. ఆ చెల్లి పేరు మీద బ్యాంకు ఖాతా ఉంది, ఇంట్లో ఆమె మాటకు విలువ ఉంది. ఆమెకు ఆ పని కావాలి. పది మిషన్లు పెట్టుకొని పెద్ద కంపెనీ ఇచ్చిన రేటుకు కుట్టించే చిన్న యజమానికి కూడా రాత్రి నిద్ర లేదని మాకు తెలుసు. అయితే పని దొరికినందుకు కృతజ్ఞత ఉండటం వేరు, ఆ కృతజ్ఞతను చూపించి కూలి తగ్గించడం వేరు. 2023లో ఒక పెద్ద పారిశ్రామికవేత్త యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 మొదట్లో ఇంకొకరు 90 గంటలన్నారు. ఆ గంటల్లో ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ముసలి తల్లిని ఎవరు చూసుకుంటారో ఆ లెక్కలో లేదు.

ఎనిమిది గంటల రోజు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో మన దేశపు మొదటి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మిల్లు పనివాళ్ళు మొదట మొరపెట్టుకున్న బాధల్లో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినడానికి విరామం చాలడం లేదని. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం వారానికి 48 గంటలని చెప్పింది. అదే ఒప్పందంలో బ్రిటిష్ ఇండియాకు మాత్రం 60 గంటలని రాశారు. మన ఒళ్ళు వాళ్ళ లెక్కకు వేరుగా కనిపించింది. 1923 మే 1న సింగారవేలర్ మద్రాసులో మే డే జరిపారు. మన ఫ్యాక్టరీలకు 48 గంటల వారం చట్టంగా వచ్చింది 1946లో. ఆ మార్పు కోసం పనిచేసినవారిలో అప్పటి వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేద్కర్ ఉన్నారు.

వచ్చినది వెనక్కి పోదనే భరోసా కూడా లేదు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక రోజుకు 12 గంటల పనికి దారి ఇచ్చే సవరణ చేసింది. ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ కూడా అలాంటి బిల్లే ఆమోదించింది. కార్మిక సంఘాలు అన్నీ ఎదురు నిలిచాయి. మూడు రోజుల్లో దాన్ని ఆపారు, మే డే నాడు వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. సింగారవేలర్ మే డే జరిపి సరిగ్గా వందేళ్ళకు! అడిగితే ఫలితం ఉంటుందనడానికి మరో సాక్ష్యం కూడా ఉంది. బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చోవడానికి సీటు ఇవ్వాలని 2021లో ఇదే రాష్ట్రం చట్టం చేసింది. ఒక కుర్చీ కోసం కూడా చట్టం కావలసి వచ్చిందంటే, అంతవరకు ఎన్ని కాళ్ళు వాచి ఉంటాయో ఆలోచించండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. బయటివాళ్ళను వేలెత్తి చూపించడం మనకు తేలిక. మన ఇంటి సంగతేమిటి? మన సంఘాల ఆధ్వర్యంలో బడులున్నాయి, ఆసుపత్రులున్నాయి, హాస్టళ్ళున్నాయి. అక్కడ కొందరు టీచర్లు ఒక మొత్తానికి సంతకం పెట్టి ఇంకో మొత్తం తీసుకుంటున్నారు. నర్సమ్మలు రెండు డ్యూటీలు కలిపి చేస్తున్నారు. గుడి ఊడ్చి, గంట కొట్టి, కుర్చీలు సర్దే అన్నకు నెలకు ఎంత ఇస్తున్నామో కమిటీలో ఎంతమందికి తెలుసు? అడిగితే "ఇది పరిచర్య కదా" అంటాం. మాలో కొందరం అలాంటి చోట్ల పనిచేసి, ఆ మాట విని నోరు మూసుకొని వచ్చినవాళ్ళమే. ఇంకా చెప్పాలంటే, కమిటీల్లో కూర్చొని ఆ మాట అన్నవాళ్ళం కూడా మాలో ఉన్నాం. కోతపని చేసినవాళ్ళకు బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో రాశాడు. ఆ మొర ఏ గేటు లోపలి నుంచి వచ్చినా ఆయనకు ఒకేలా వినిపిస్తుంది.

కాబట్టి మీరు ఇంటికి తీసుకెళ్ళడానికి నాలుగు పనులు చెబుతాం.

యౌవనస్థులారా, ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఇల్లు వదిలిన టైము, షిఫ్టు మొదలైన టైము, నిజంగా వదిలిన టైము, ఇల్లు చేరిన టైము రోజూ రాయండి. నెల చివర పే స్లిప్పు పక్కన పెట్టి చూడండి. రాసి ఉన్న గంటను లేదని చెప్పడం ఎవరికైనా కష్టం.

రెండోది, చట్టం తెలుసుకోండి. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలో కూడా వారానికి 48 గంటల పరిమితి ఉంది, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఉంది. టార్గెట్ కోసం ఆపిన గంట కూడా ఓవర్‌టైమే.

మూడోది, ఒంటరిగా అడగకండి. ఒకరు అడిగితే పని పోతుంది, నలభైమంది కలిసి అడిగితే మాట్లాడదాం రమ్మంటారు. యూనియన్ అనే మాటకు క్రైస్తవులు భయపడనక్కరలేదు.

నాలుగోది పెద్దలకు, పాస్టరు గార్లకు. వచ్చే కమిటీ కూటంలో మన దగ్గర పనిచేసేవాళ్ళ జీతాల జాబితా బల్ల మీద పెట్టండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు మీ సంఘంలో ఉంటే ఆరాధన వేళ వాళ్ళను అడిగి పెట్టండి.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఐతుకు అనే యౌవనస్థుడు ఉన్నాడు. పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చొని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఆ రోజుల్లో ఆదివారం సెలవు లేదు. అతనూ పగలంతా ఎక్కడో పనిచేసి వచ్చాడేమో. పౌలు పైనుంచి మందలించలేదు. ప్రసంగం ఆపి, మెట్లు దిగి వెళ్ళి, అతన్ని కౌగిలించుకున్నాడు.

ఆ చెల్లికి మేము చెప్పిన జవాబు ఇది: "నువ్వు సోమరిదానివి కాదమ్మా. అలసిపోయావు. నీ అలసట ఖరీదు నీకు రావలసి ఉంది." ఈ ఆదివారం మీ పక్కన ఎవరైనా నిద్రపోతే లేపకండి. ఆరాధన అయ్యాక దగ్గర కూర్చొని, నిన్న ఎన్నింటికి ఇల్లు చేరావని అడగండి.