కాన్ఫరెన్స్‌లో చూసిన బ్యాండు, మన సైట్ మీద ఎండ

(పోయిన శుక్రవారం క్యాంపు మీటింగ్‌లో చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేనోళ్లు అడిగితే రాసి గ్రూపుల పెడుతున్న. తప్పులుంటే మన్నించాలె.)

 

నేను పదో తరగతి చదువుకున్న మనిషిని. 2004ల శటరింగ్ కార్పెంటర్‌గా దోహాకు వచ్చిన. ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. మైకు పట్టుకొని మాట్లాడుడు నాకు అలవాటు లేదు, మీకు తెలుసు. కానీ మొన్న మా సేఫ్టీ ఆఫీసర్ నన్ను ఒక కాన్ఫరెన్స్‌కు తీసుకపోయిండు. కొత్త ఆవిష్కరణలతోటి సమాజానికి మేలు ఎట్ల చెయ్యాలె అన్నది ఆ కాన్ఫరెన్స్ ముచ్చట. సైట్ మీద పనిచేసేటోళ్లు కూడా ఒకరిద్దరు రావాలని వాళ్లు అడిగిన్రట. ఇస్త్రీ అంగీ వేసుకొని పోయిన.

పెద్ద హాలు. ఏసీకి చలి పెట్టింది. యూనివర్సిటీ పిల్లలు టేబుళ్ల మీద వాళ్లు చేసినవి పెట్టిన్రు. ఒకరు ఫ్యాను ఉన్న హెల్మెట్ చేసిన్రు. ఒకరు మన భాషలల్ల కంప్లైంట్ చెప్పే యాప్ చేసిన్రు. ఒక టేబుల్ కాడ చేతికి కట్టుకునే బ్యాండు. మనిషి గుండె ఎంత కొట్టుకుంటుందో, ఒంటి వేడి ఎంత పెరుగుతుందో అది చూసి, ప్రమాదం ఉంటే ఫోనుకు మెసేజ్ పంపుతదట. మంచి పిల్లలు. ఓపికతోటి చెప్పిన్రు. నేను వాళ్లను తక్కువ చేసి మాట్లాడుతలేను.

ఇంకో సారు స్టేజి మీద మూడు కాళ్ల స్టాండు పెట్టి చూపిచ్చిండు. మన సైట్ మీద కూడా ఉంటది, నల్ల గుండు ఒకటి, తెల్ల గుడ్డ చుట్టినది ఒకటి. ఇన్నేండ్లు చూసిన గాని అదేందో నాకు పూర్తిగ తెల్వది. ఆ సారు చెప్పిండు. దాని లెక్క పది వంతులైతే ఏడు వంతులు ఆ తడి గుడ్డ థర్మామీటర్‌వే. రెండు వంతులు నల్ల గుండువి, అంటే ఎండ కాక. మామూలు థర్మామీటర్‌ది ఒక్క వంతే.

ఎందుకంటే ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట ఆరితేనే చల్లబడుతది. మన ఇంటికాడ రంజన్ చూడుండ్రి. ఎండకాలం పొడి గాలికి నీళ్లు ఎంత చల్లగుంటయి! అదే వాన ముసురు పట్టిన దినం అంత చల్లబడయి. మన ఒళ్లు కూడా రంజన్ తీరే. ఆగస్టు, సెప్టెంబర్‌ల ఇక్కడ సముద్రం గాలికి ఉక్క పోస్తది. చెమట కారుతది గాని ఆరదు. ఫోనుల 36 డిగ్రీలే చూపిస్తది, మనం “ఇయ్యాల నయమే” అనుకుంటం. లోపల మనిషి ఉడుకుతుంటడు.

అది వింటుంటే నాకు 2019 సెప్టెంబర్ యాదికొచ్చింది. ఈ సంగతి ఇక్కడ కొందరికే తెలుసు. ఇయ్యాల అందరికి చెప్తున్న.

అప్పుడు ఇక్కడ మధ్యాహ్నం పని బందు చేసే రూలు జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకనే ఉండే. సెప్టెంబర్ వస్తే రూలు అయిపోయినట్టే. మాకు రాత్రి స్లాబ్ పోసేది ఉండె. కాంక్రీట్ పంపు ఆలస్యంగ వచ్చింది. తెల్లారింది, తొమ్మిది కొట్టింది, స్లాబ్ ఇంక మూడో వంతు మిగిలింది. బయట మిక్సర్ బండ్లు లైను కట్టినయి. మధ్యల ఆపితే జాయింటు పడ్తది, పైనోళ్లు నన్ను అడుగుతరు.

జగిత్యాల దిక్కు పిల్లగాడు ఒకడు, వచ్చి పన్నెండు దినాలే అయింది, నా దగ్గరకొచ్చి “అన్నా, కండ్లు తిరుగుతున్నయి” అన్నడు. నేను “ఇంకొంచెమే తమ్మీ, అయిపోయినంక పండుకో” అన్న. ఇరవై నిమిషాలకు వాడు ఏందేందో మాట్లాడవట్టిండు. తర్వాత పడిపోయిండు. పానం దక్కింది. కానీ కిడ్నీలు దెబ్బతిన్నయి. వాపస్ పోయిండు. ఇప్పటికీ డయాలసిస్‌కు పోతడు. అప్పు తెచ్చి వచ్చిన పిల్లగాడు, పన్నెండు దినాల జీతం కూడా పూర్తిగ చూడలే.

అందుకని కాన్ఫరెన్స్‌ల ఆ బ్యాండు పిల్లలను ఒక్కటే మాట అడిగిన. “ఈ మెసేజ్ ఎవరి ఫోనుకు పోతది?” అని. “సూపర్‌వైజర్‌కు” అన్నరు. సూపర్‌వైజర్ అంటే నేనే కద! ఆ దినం నాకు బ్యాండు చెప్పకపోతే ఏంది, మనిషే వచ్చి నోటితోటి చెప్పిండు. తెల్వక కాదు నేను ఆపంది. మిక్సర్ బండ్లు చూసి ఆపలే. ఇదే మాట వచ్చీరాని హిందీల చెప్పిన. హాలుల ఎవ్వరు మాట్లాడలే.

టీ టైంల ఆ టేబుల్ కాడి అమ్మాయి నోట్‌బుక్ పట్టుకొని వచ్చింది. “అంకుల్, మరి ఎట్ల ఉంటే మీకు పనికొస్తది?” అని అడిగింది. నాకు తోచింది చెప్పిన. మెసేజ్ నాకొక్కనికే కాదు, కట్టుకున్నోనికి, పక్కన పనిచేసేటోనికి, క్లినిక్ నర్సుకు ఒక్కసారే పోవాలె. స్కాఫోల్డింగ్ మీద ఫోను ఉండనియ్యరు కాబట్టి బ్యాండే గట్టిగ చప్పుడు చెయ్యాలె. కూసున్న టైంకు జీతం కోతపడొద్దు, పడుతదంటే బ్యాండును మనోళ్లే తీసి జేబుల పెట్టుకుంటరు. అన్నీ రాసుకుంది. చేస్తదో లేదో, అడిగినందుకు సంతోషం.

రూముకు వచ్చి ఆ తమ్మునికి ఫోన్ చేసిన. కాన్ఫరెన్స్ ముచ్చట చెప్పిన. వాడు నవ్వి, “అన్నా, ఆ బ్యాండు ఉండుంటే నువ్వు ఆపుతుంటివా?” అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె. మన మీటింగ్‌ల ఈ సంగతి చెప్తనంటే “చెప్పు అన్నా, నా పేరు మాత్రం వద్దు” అన్నడు. అందుకే ఇయ్యాల మీ ముందు నిలబడ్డ.

ఇప్పుడు రూలు మారింది. అందరు గుర్తుపెట్టుకోవాలె. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాక, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండల పని బందు. ఇంకోటి, ఆ మూడు కాళ్ల స్టాండు లెక్క 32.1 దాటితే ఏ నెలైనా, ఏ టైమైనా పని ఆపాలె. వేడితోటి పానానికి ముప్పు ఉందని నీకు అనిపిస్తే నువ్వే పని ఆపొచ్చు, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలె. అది మనకు ఇచ్చిన హక్కు. దొంగపని కాదు.

బ్యాండు వచ్చేదాక ఆగకుండ, మనం చేసుకునేవి కొన్ని ఉన్నయి.

ఒకటి. జతలు. ఒక్కొక్కనికి ఒక తోడు. అర్ధగంటకోసారి ఒకని మొఖం ఒకడు చూసుకోవాలె, పేరు పెట్టి పిలవాలె. మాట తడబడితే తోడే పని ఆపి కేకెయ్యాలె.

రెండు. కొత్తగ వచ్చినోళ్లకు ఎండ అలవాటు కావాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతది. మొదటి దినం పనిల అయిదో వంతే ఎండల చేయించాలె, దినానికి ఇంత పెంచాలె. ఇంటికి లీవు పోయి వచ్చిన పాతోళ్లకు కూడా మొదటి దినం సగమే.

మూడు. దూప అయ్యేదాక ఆగొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు. టిఫిన్‌ల ఉప్పేసిన మజ్జిగ పెట్టుకోండ్రి. మూత్రం చాయ్ రంగుల వస్తే ఆగి క్లినిక్‌కు పోవాలె. బీపీ, షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు నర్సుకు ముందే చెప్పాలె.

నాలుగు. మనిషి పడిపోయినా, తిక్కతిక్కగ మాట్లాడినా 999కు ఫోన్ చెయ్యాలె. బండి వచ్చేదాక చూసుకుంట నిలబడొద్దు. నీడకు తేవాలె, బూట్లు, అంగీ ఇప్పాలె, ఒళ్లంత చల్లనీళ్లు పొయ్యాలె, మెడకు, చంకలల్ల, గజ్జలల్ల ఐసు పెట్టాలె. సోయి లేనోని నోట్ల నీళ్లు పొయ్యొద్దు. మొదలు చల్లబరచాలె, తర్వాతనే దవాఖాన.

అయిదోది నాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మెన్‌లకు. కాంక్రీట్‌ల జాయింటు పడితే దానికి రిపేరు ఉంది. పైనోడు తిడితే దులుపుకోవచ్చు. ఎవడన్న వచ్చి “కండ్లు తిరుగుతున్నయి” అంటే “ఇంకొంచెం” అనే మాట మన నోట్ల రావద్దు.

జతల పేర్లు రాయనీకి మెస్ తలుపు కాడ కాయిదం అంటించిన. మీటింగ్ అయినంక పోయేటప్పుడు రాసిపోండ్రి. డ్యూటీల ఉన్నోళ్ల పేర్లు రూము దోస్తులు రాయాలె. కొత్తగ వచ్చిన ముగ్గురికి పాతోళ్లు తోడు కావాలె. ఒకనికి నేను నా పేరు రాసిన.