పేగుకు చిల్లు ఎవరికి పడుతుంది?



క్లోరోఫాం మత్తు ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి మన హైదరాబాద్‌లోనే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సొమ్ముతో 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి కూర్చున్నాయి. వాటిని నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం గుండెనూ ఉన్నట్టుండి ఆపగలదని చూపించారు. లారీ శ్రద్ధగల వైద్యుడే. అయినా ఒక ప్రమాదం ఆయన కంటికి ఆనలేదు. అందుకే ఏ రోగితోనైనా ‘ఏమీ కాదు, రండి’ అనడానికి నాకు మనసొప్పదు.

కొలనోస్కోపీ గురించి కూడా ఆ మాట అనను. పెద్దపేగును మలద్వారం గుండా పంపే గొట్టంతో చివరిదాకా చూసి, పాలిప్‌లు అనే గడ్డలను పొట్ట కోయకుండా తీసే పద్ధతిని 1969 నుంచి న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా నిలబెట్టారు. క్యాన్సర్‌గా మారకముందే గడ్డను తీసేసే అవకాశం చిన్నది కాదు. మలంలో రక్తం పడుతుంటే ఈ పరీక్ష మానుకోకండి. కేవలం చూసి వచ్చే పరీక్షల్లో పేగుకు చిల్లు పడేది వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువే. పాలిప్ తీస్తే, ఇరుకైన చోటును సాగదీస్తే ఆ లెక్క పెరుగుతుంది. అయితే ఈ ప్రమాదం అందరికీ ఒకే తీరుగా ఉండదు. ఎవరికి ఎక్కువో చాలావరకు ముందే తెలుసుకోవచ్చు.

ఎక్కువగా చిల్లు పడేది ఎడమ పొత్తికడుపులోని వంపు దగ్గర. అక్కడ పేగు మెలికలు తిరిగి ఉంటుంది. గొట్టం ముందుకు పోక చుట్టలు పడితే, ఆ చుట్ట ఒత్తిడికి పేగు గోడ చీలుతుంది. కుడివైపు, పెద్దపేగు మొదలయ్యే చోట కారణం వేరు. అక్కడ పేగు వెడల్పు, గోడ పలుచన. లోపలికి పంపిన గాలి ఎక్కువైతే, పలచబడ్డ సైకిల్ ట్యూబులా అది అక్కడే ఉబ్బి పగులుతుంది. గాలికి బదులు శరీరం త్వరగా పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ వాడటం ఇందుకే మేలు. మూడో కారణం పాలిప్‌ను కోసే కరెంటు వేడి. కోసిన చోట గోడ లోతుగా కాలితే, చిల్లు ఆ రోజు కాక కొన్ని రోజులకు బయటపడవచ్చు.

ఇక మనుషుల సంగతి. వయసు మళ్లినవారు, బాగా సన్నబడినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు, పేగు పూతతోనో పేగు క్షయతోనో బాధపడుతున్నవారు జాగ్రత్తగా ఉండాలి. క్షయ మన దగ్గర తక్కువేమీ కాదు. అది పేగును ఇరుకు చేస్తుంది.

అమ్మలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలోనే ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ముప్పై ఏళ్ల వయసుకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఇది నన్ను బాధించే విషయం. ఆ ఆపరేషన్ తర్వాత పేగు పొత్తికడుపులో అతుక్కుపోవచ్చు. అతుక్కున్న పేగు గొట్టంతో పాటు కదలదు. మామూలుగానే స్త్రీలలో పెద్దపేగు పొడవు ఎక్కువ, మలుపులు ఎక్కువ. అయినా పాతికేళ్ల కిందటి ఆపరేషన్‌కూ ఈ పరీక్షకూ ఏం సంబంధమని చాలామంది చెప్పరు. ఉంది తల్లీ, చెప్పండి. సిజేరియన్ గురించి, అపెండిక్స్ ఆపరేషన్ గురించి కూడా చెప్పండి.

హమాలీ అన్నలూ, బస్తాలు మోసి గజ్జల్లో హెర్నియా వచ్చిందా? సిగ్గుపడి దాచకండి. పేగు అందులోకి జారి ఉంటే గొట్టం అక్కడ ఇరుక్కుపోవచ్చు.

గాఢమైన మత్తులో ఉన్న రోగి ‘అబ్బా, నొప్పి’ అనలేడు. అప్పుడు ఆ హెచ్చరిక వైద్యుడి చేతికే తెలియాలి. గొట్టం కదలకపోతే బలవంతంగా తోయకూడదు, వెనక్కి లాగి చుట్ట విప్పాలి. అవసరమైతే పరీక్ష ఆపేయాలి. ఆపిన వైద్యుణ్ని చేతగానివాడని అనకండి. పరీక్షకు ముందు తాగమన్న, పేగును శుభ్రం చేసే మందు సగం తాగి మిగతాది పారబోస్తే లోపల ఏమీ కనిపించదు, ఆయన పని ఇంకా కష్టమవుతుంది.

పరీక్ష తర్వాత కొంచెం ఉబ్బరం ఉంటుంది, గ్యాస్ పోతే తగ్గుతుంది. నొప్పి గంటగంటకూ పెరిగినా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, భుజం లాగినా దుకాణంలో గ్యాస్ మాత్ర కొని సరిపెట్టుకోవద్దు. పరీక్ష చేసినచోటికే వెళ్లండి, వీలుకాకపోతే రాత్రయినా సరే ఉస్మానియా ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. పేగులోంచి బయటపడిన గాలి ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో తెలుస్తుంది. వెంటనే పట్టుకుంటే చిన్న చిల్లును లోపలినుంచే క్లిప్పులతో మూయవచ్చు. ఆలస్యమైతే మలం పొట్టలోకి చేరుతుంది, ఆపరేషన్ తప్పదు.

మీలో ఎవరికైనా ఈ పరీక్ష రాసి ఉంటే, వెళ్లేముందు పాత ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకుని డాక్టరు చేతికి ఇవ్వండి.